షుగరుతో పాటు ఇంకేముంది?

(ప్రాథమిక వైద్యంలో పనిచేసే డాక్టర్లు, నర్సుల సమావేశంలో ఒక సీనియర్ వైద్యుడు చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేసి, మాటను ఉన్నది ఉన్నట్టు ఉంచాం.)

అందరికీ నమస్కారం. మధుమేహంతో పాటు ఇతర జబ్బులు కూడా ఉన్న రోగిని ప్రాథమిక వైద్యంలో ఎలా చూసుకోవాలన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. నేను లెక్కలతో మొదలుపెట్టను, ఒక సంచితో మొదలుపెడతాను.

డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ ఒకరు నా దగ్గరికి వచ్చారు. "మీరు వాడే మందులన్నీ తీసుకురండమ్మా" అని ముందురోజు మా నర్సు ఫోనులో చెప్పింది కాబట్టి, ఆవిడ ఒక సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు. పదమూడు రకాల మాత్రలు. కొన్ని నిండు స్ట్రిప్పులు, కొన్ని కత్తెరతో కత్తిరించిన ముక్కలు. ఆ ముక్కల్లో కొన్నింటి మీద మందు పేరు సగమే మిగిలింది, గడువు తేదీ అసలే లేదు. ఆవిడ చేతిలో ఒక రిపోర్టు కూడా ఉంది, గత రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పేది. హెచ్‌బీఏ1సీ 6.3. ఆ కాగితం నాకిస్తూ, "నా షుగరు చాలా బాగుందని అందరూ అంటున్నారు డాక్టరు గారూ, కానీ పొద్దున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి, రెండుసార్లు గోడ పట్టుకున్నాను" అన్నారు.

షుగరు బాగుంది, మనిషి గోడ పట్టుకుంటోంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ముక్కల మధ్యనే ఉంది.

ఆ మాత్రలను మా నర్సు, నేను కూర్చుని ఒక్కొక్కటిగా వేరు చేశాం. షుగరును తగ్గించే గ్లిమెపిరైడ్ రెండుచోట్ల దొరికింది: ఒకటి విడిగా, ఒకటి మరో షుగరు మందైన మెట్‌ఫార్మిన్‌తో కలిసిన మాత్రలో, రెండింటికీ వేర్వేరు కంపెనీ పేర్లు. ఇద్దరు వైద్యులు రాశారు, ఆవిడ ఇద్దరి మాటా విన్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ ఉంది. ఆమ్లోడిపిన్ కొందరికి పాదాల వాపు తెస్తుందని మీకు తెలుసు, ఆవిడకీ తెచ్చింది. ఆ వాపు చూసిన మరొకరు నీరు తీసే మాత్ర రాశారు. నీరు తగ్గడంతో నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగడం మొదలైంది. దానికి తల తిరుగుడు మాత్ర వచ్చింది. చూశారా? ఒక మందు తెచ్చిన బాధను కొత్త జబ్బు అనుకుని, దానికి ఇంకో మందు. దీన్ని మందుల గొలుసు అందాం. రోషాన్, గుర్విట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 1990ల నడుమ నుంచీ ఈ గొలుసు గురించి హెచ్చరిస్తూ రాశారు. ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఇంకా మన బల్లల మీద అదే గొలుసు కనిపిస్తోంది.

ఇంతటితో ఆగలేదు. మోకాళ్ళ నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, బీపీకే టెల్మిసార్టాన్, ఇందాక చెప్పిన నీరు తీసే మాత్ర, ఈ మూడూ కలిస్తే మూత్రపిండాల మీద ఎంత భారం పడుతుందో ఇక్కడున్న వారికి నేను వివరించనక్కరలేదు. పరీక్ష చేయిస్తే, మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 38 వచ్చింది, ఉండవలసినదాని కంటే బాగా తక్కువ. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా పోతోంది. పడుకోబెట్టి చూస్తే పై రక్తపోటు 138, నిలబెట్టి చూస్తే 108. ఇరవై పాయింట్లు తగ్గితేనే మనం లెక్కలోకి తీసుకోవాలి, ఇక్కడ ముప్పై తగ్గింది. నిలబెట్టి రక్తపోటు చూడటానికి ఎంతసేపు పడుతుంది? మూడు నిమిషాలు. ఆవిడ ఏడాదిలో నలుగురు వైద్యులను కలిశారు, ఆ మూడు నిమిషాలు ఎవరికీ దొరకలేదు.

ఆ నలుగురిలో తప్పెవరిది? నిజాయితీగా చెబుతున్నాను, ఏ ఒక్కరినీ పట్టుకుని మీరు తప్పు చేశారని నేను అనలేను. షుగరు చూసినవారు షుగరుకు సరైన మందే రాశారు. బీపీ చూసినవారు బీపీకి, మోకాళ్ళు చూసినవారు మోకాళ్ళకు. ఒక్కొక్క జబ్బుకు చేసినది సరిగానే ఉంది, మనిషికి జరిగినది సరిగా లేదు. ఈ జబ్బులన్నీ ఒకే మనిషిలో, ఒకే జత మూత్రపిండాల మీద, ఒకే రక్తప్రవాహంలో ఉన్నాయన్న విషయాన్ని ఒక్కచోట కూర్చి చూసేవారు లేకపోయారు. ఆ కూర్చి చూసే పని ఎవరిది? మనది. ప్రాథమిక వైద్యులది, మన నర్సులది. మనం చేయకపోతే దాన్ని చేసేవారు ఇంకెవరూ లేరు.

ఇది ఒక్క రోగి కథ కదా అని మీరు అనుకోవచ్చు. 2005లో సింథియా బాయిడ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒక లెక్క వేశారు. డెబ్బై తొమ్మిదేళ్ళ ఒక స్త్రీని ఊహించుకున్నారు. ఆమెకు మధుమేహం, రక్తపోటు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, కీళ్ళ అరుగుదల, ఎముకల బోలుతనం, ఈ అయిదూ ఉన్నాయనుకున్నారు. ఒక్కొక్క జబ్బుకు ఉన్న మార్గదర్శకాన్ని అక్షరం తప్పకుండా పాటించి మందులు రాశారు. ఏమైంది? పన్నెండు రకాల మందులు, రోజుకు పంతొమ్మిది మోతాదులు తేలాయి. పైగా ఒక జబ్బుకు రాసినది మరో జబ్బుకు అడ్డు వచ్చే చోట్లు కనిపించాయి. నా దగ్గరికి వచ్చిన ఆవిడ ఆ ఊహలో నుంచి నడిచివచ్చినట్టే ఉన్నారు.

ఇప్పుడు నా వాదన చెబుతాను, ఇది మీకు కొంచెం తలకిందులుగా అనిపించవచ్చు. మధుమేహం ఉన్న రోగి రాగానే "షుగరు ఎంతుంది?" అని అడగడం మనకు అలవాటు. నేను అంటున్నది, ముందు అడగవలసిన ప్రశ్న అది కాదు. "షుగరుతో పాటు ఇంకేముంది?" అన్నది ముందు ప్రశ్న. ఎందుకంటే షుగరును ఎంతవరకు తగ్గించాలో, ఏ మందుతో తగ్గించాలో, ఎంత తొందరగా తగ్గించాలో, ఈ మూడింటినీ నిర్ణయించేది షుగరు అంకె కాదు, పక్కనున్న జబ్బులు.

పక్కనున్న జబ్బులన్నీ ఒకే తీరుగా ఉండవు. పియెట్, కెర్ అనే ఇద్దరు 2006లో వీటిని విడదీసి చూపించారు. నేను నా మాటల్లో చెబుతాను. మొదటివి షుగరుతో ఒకే దారిలో నడిచే జబ్బులు: రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, అధిక బరువు. వీటికి చేసే వైద్యం ఒకదానికొకటి కలిసివస్తుంది. రెండోవి వేరే దారిలో పోయే జబ్బులు: కీళ్ళ నొప్పులు, ఉబ్బసం, కుంగుబాటు, క్షయ. వీటి మందులు షుగరును పట్టించుకోవు, కొన్నిసార్లు చెడగొడతాయి కూడా. ఇక మూడోవి, మిగతావన్నింటినీ పక్కకు నెట్టి ముందు నిలిచేవి: ముదిరిన క్యాన్సరు, తీవ్రమైన మతిమరుపు వ్యాధి, చివరి దశ గుండె వైఫల్యం. అలాంటి మనిషికి పరగడుపు షుగరు 110 ఉందా 150 ఉందా అని మనం వేళ్ళ మీద సూదులు గుచ్చుతూ కూర్చోవడం ఎవరి కోసం? ఒకసారి ఆలోచించండి. అక్కడ మన పని, షుగరు మరీ పెరిగి దాహంతో, మూత్రంతో మనిషి నీరసించిపోకుండా, మరీ పడిపోయి స్పృహ తప్పకుండా చూసుకోవడం. అంతకు మించి అంకెల వెంట పడకూడదు.

ఒకే దారిలో నడిచే జబ్బుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ మనం చేయగలిగిన మేలు చాలా ఉంది, చేయకుండా వదిలేస్తున్నదీ చాలా ఉంది.

షుగరు రోగిలో రక్తపోటు అదుపు చేయడం షుగరు అదుపు చేయడం కంటే చిన్న పని అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. యూకేపీడీఎస్ అనే బ్రిటన్ అధ్యయనం ఫలితాలు 1998లో వచ్చాయి. అందులో అధిక రక్తపోటు ఉన్న మధుమేహ రోగులు 1,148 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గంలో రక్తపోటు సగటున 144/82కు, రెండో వర్గంలో 154/87కు వచ్చింది. తేడా పది పాయింట్లే. కానీ ఆ పది పాయింట్లకు పక్షవాతాలు 44 శాతం, మధుమేహ సంబంధిత మరణాలు 32 శాతం తగ్గాయి. పది పాయింట్లకు! మనం హెచ్‌బీఏ1సీని 7.2 నుంచి 6.8కి దించడానికి పడే తపనలో సగం రక్తపోటు మీద పెడితే ఎంతమంది మంచాన పడకుండా ఉంటారో ఆలోచించండి.

కోపెన్‌హేగన్‌లో స్టెనో-2 అనే చిన్న అధ్యయనం జరిగింది. నూట అరవై మంది మాత్రమే. అందరికీ మధుమేహం, మూత్రంలో కొద్దిగా ఆల్బుమిన్ ఉన్నాయి. సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి షుగరు, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగడం, నడక, అన్నింటినీ ఒకేసారి పట్టించుకునే వైద్యం చేశారు. ఎనిమిదేళ్ళు కూడా నిండకుండానే గుండె, రక్తనాళాల ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇరవై ఒక్క ఏళ్ళ తరువాత చూస్తే, అన్నీ కలిపి చూసుకున్న వర్గం మధ్యస్థంగా 7.9 ఏళ్ళు ఎక్కువ బతికింది. దాదాపు ఎనిమిదేళ్ళు! ఇందులో ఏ ఒక్క మందూ అద్భుతం కాదు. అన్నింటినీ కలిపి, వదలకుండా, ఏళ్ళ తరబడి చూసుకోవడమే అక్కడ జరిగిన వైద్యం. ఏళ్ళ తరబడి చూసుకునే అవకాశం ఎవరికి ఉంది? ఆసుపత్రిలో వారం ఉండి వెళ్ళే రోగిని చూసేవారికి కాదు కదా, మనకే కదా?

మందుల ఎంపిక సంగతికి వస్తాను. 2015 వరకు మనం షుగరు మందును ఎంచుకునే పద్ధతి ఒకటే: ఏది ఎంత అంకె తగ్గిస్తుంది? ఆ ఏడాది, చక్కెరను మూత్రంలోకి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర మీద వచ్చిన అధ్యయనం ఆ పద్ధతిని మార్చేసింది. అప్పటికే గుండె జబ్బు ఉన్న ఏడు వేల మంది పైచిలుకు మధుమేహ రోగుల్లో, గుండె సంబంధిత మరణాలు 38 శాతం తగ్గాయి. హెచ్‌బీఏ1సీలో తేడా మాత్రం కొద్దిగానే ఉంది. అంటే మేలు షుగరు దారిలో రాలేదు, వేరే దారిలో వచ్చింది. 2019లో అదే జాతికి చెందిన కానాగ్లిఫ్లోజిన్ మూత్రపిండాలను కాపాడుతుందని తేలింది. అదే ఏడాది డాపాగ్లిఫ్లోజిన్ గుండె వైఫల్యం ఉన్నవారికి, మధుమేహం లేకపోయినా, మేలు చేస్తుందని తేలింది. కాబట్టి రోగికి గుండె వైఫల్యమో, మూత్రంలో ఆల్బుమినో ఉంటే, హెచ్‌బీఏ1సీ 6.8 ఉన్నా ఈ జాతి మందు గురించి ఆలోచించాలి. "షుగరు బాగానే ఉంది కదా, ఇంకో మాత్ర ఎందుకు?" అని రోగి అడిగితే, "అమ్మా, ఇది షుగరు కోసం కాదు, మీ కిడ్నీ కోసం" అని చెప్పగలగాలి. అలా చెప్పకపోతే షుగరు తగ్గిన రోజునే ఆవిడ ఆ మాత్ర మానేస్తారు, మానేస్తే ఆవిడ తప్పు కాదు.

అదే సమయంలో జాగ్రత్తలు కూడా అంతే గట్టిగా గుర్తుండాలి. ఈ మందులతో జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. రోగులు సిగ్గుపడి చెప్పరు కాబట్టి మనమే అడగాలి. అరుదుగా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరుగుతాయి, అప్పుడు షుగరు అంకె మరీ ఎక్కువగా లేకపోయినా మనిషి ప్రమాదంలో ఉంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో వచ్చిన రోగికి షుగరు 180 ఉందని ఊరుకోకండి. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఆపించాలి. మెట్‌ఫార్మిన్ సంగతి మీకు తెలిసిందే: ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి, 30 కంటే తగ్గితే ఆపేయాలి. గుండె వైఫల్యం ఉన్నవారికి పయోగ్లిటజోన్ అనే షుగరు మాత్ర వద్దు. మూత్రపిండాలు బలహీనపడిన పెద్దవారికి గ్లిబెన్‌క్లమైడ్ వద్దే వద్దు, దానివల్ల షుగరు ఒకసారి పడిపోతే గంటల తరబడి లేవదు.

మెట్‌ఫార్మిన్ గురించి ఇంకొక్క మాట. ఏళ్ళ తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గుతుంది, దానితో పాటు ఎసిడిటీ మాత్ర కూడా రోజూ వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయి అంటే షుగరు వల్లే అని తీర్మానించే ముందు బి12 ఒకసారి చూడండి. షుగరు వల్ల దెబ్బతిన్న నరాలను మనం వెనక్కి తేలేం, బి12 లోటును మాత్రం పూడ్చగలం.

ఇప్పుడు అంకె గురించి మాట్లాడతాను. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చెప్పడం సులువు కాదు, అయినా చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం, ఎనభై దగ్గరపడిన ఒక పెద్దాయన నా రోగి. గుండె జబ్బు, కాస్త మతిమరుపు, ఒంటరి జీవితం. హెచ్‌బీఏ1సీ 8.1 ఉండేది. నేను దాన్ని 7 కిందికి తేవాలని పట్టుబట్టాను. మాత్ర పెంచాను. మూడు నెలల తరువాత 6.6 వచ్చింది, నేను సంతోషించాను, ఆయనా సంతోషించారు. ఆ తరువాత నెలలో ఒక రాత్రి ఆయన షుగరు పడిపోయి, స్నానాల గది దగ్గర జారి తుంటి ఎముక విరిగింది. ఆయనకు గుండె కోసం బీటా బ్లాకర్ మాత్ర నడుస్తోంది. గుండె దడ, చేతుల వణుకు లాంటి హెచ్చరికలను ఆ మాత్ర అణిచివేస్తుంది, ఒక్క చెమట మాత్రమే మిగులుతుంది. ఆ చెమటను ఆయన ఉక్కపోత అనుకున్నారు. ఆయనకు బీటా బ్లాకర్ రాసిందీ నేనే, షుగరు మాత్ర పెంచిందీ నేనే. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన మళ్ళీ సొంతంగా నడవలేదు.

ఆ తరువాత 2008లో అకార్డ్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పదివేల మందికి పైగా రోగులు, అందరికీ మధుమేహంతో పాటు గుండె ప్రమాదం ఎక్కువ. ఒక వర్గంలో హెచ్‌బీఏ1సీని 6 కిందికి తేవాలని గట్టిగా ప్రయత్నించారు, రెండో వర్గంలో 7కీ 8కీ మధ్య ఉంచారు. గట్టిగా ప్రయత్నించిన వర్గంలో 257 మంది, రెండో వర్గంలో 203 మంది చనిపోయారు. అధ్యయనంలోని ఆ భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. నేను ఆ పట్టిక చదువుతున్నప్పుడు నాకు ఆ పెద్దాయన ముఖమే కనిపించింది.

అలా అని షుగరును గాలికి వదిలేయమని నేను అనడం లేదు. దయచేసి అలా అర్థం చేసుకోకండి. నలభై అయిదేళ్ళ మనిషికి, కొత్తగా మధుమేహం వచ్చి ఇంకే జబ్బూ లేనప్పుడు, 7 కిందికి తేవడం ఎంతో అవసరం, ఆయన ముందు నలభై ఏళ్ళు ఉన్నాయి, కళ్ళు, మూత్రపిండాలు, నరాలు అన్నాళ్ళూ నిలవాలి. ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవారికి 7 నుంచి 7.5. మూడు నాలుగు జబ్బులుండి, పనులకు మరొకరి సాయం కావలసినవారికి 8 లోపు ఉంటే చాలు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందుల మీద ఉన్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ 6.3 వస్తే, దాన్ని శుభవార్తగా కాక ప్రమాద సూచనగా చదవండి. నిజానికి నా సంచి ఆవిడ రిపోర్టులో ఎర్ర గీత గీయవలసిన అంకె అదే, కానీ దానికే అందరూ మెచ్చుకున్నారు.

ఇంకో సంగతి. హెచ్‌బీఏ1సీ ఎప్పుడూ నిజమే చెబుతుందా? చెప్పదు. అది రెండు మూడు నెలల పాటు ఎర్రకణాల మీద పేరుకున్న చక్కెర లెక్క. ఎర్రకణాలు త్వరగా నశిస్తున్నా, ఈ మధ్య రక్తం ఎక్కించినా అది తప్పుగా తక్కువ చూపిస్తుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ముదిరిన కిడ్నీ జబ్బులో నమ్మలేం. ఇంట్లో గుచ్చి చూసుకున్న అంకెలు ఒకలా, హెచ్‌బీఏ1సీ మరోలా ఉంటే, "మీరు సరిగ్గా చూసుకోవడం లేదు" అని రోగిని అనకండి, ముందు హిమోగ్లోబిన్ చూడండి.

వేరే దారిలో పోయే జబ్బుల్లో నేను ఒక్కదాని దగ్గరే ఆగుతాను, అది కుంగుబాటు. ఉబ్బసానికో కీళ్ళవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడితే ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షుగరు పెరుగుతుందని, పరగడుపున మాత్రమే చూస్తే ఆ పెరుగుదల కనిపించదని, క్షయకు వాడే రిఫాంపిసిన్ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల పనిని తగ్గిస్తుందని, క్షయ మందులు పూర్తయ్యాక మళ్ళీ మోతాదు సరిచూడకపోతే షుగరు పడిపోతుందని మీకు గుర్తుచేసి ముందుకు వెళతాను.

కుంగుబాటు దగ్గర ఎందుకు ఆగుతున్నాను? మందులు వేసుకోని రోగిని మనం "మాట వినని రోగి" అంటాం. ఆ మాట నాకు నచ్చదు. మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారి కంటే చాలా ఎక్కువ. పొద్దున మంచం మీద నుంచి లేవడమే బరువైన మనిషికి రోజూ నాలుగుసార్లు వేలు గుచ్చుకోమని, నడవమని, తూచి తినమని చెబుతున్నాం. రెండే ప్రశ్నలు చాలు: గడిచిన రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? ఈ రెండు ప్రశ్నలు మన నర్సులు నాకంటే బాగా అడుగుతారు, ఎందుకంటే రోగులు వారి దగ్గర తొందరపడరు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో కేటన్ బృందం 2010లో ప్రకటించిన అధ్యయనంలో, కుంగుబాటుతో పాటు అదుపు తప్పిన మధుమేహమో గుండె జబ్బో ఉన్న 214 మందిని తీసుకుని, సగం మందికి ఒక నర్సును తోడు పెట్టారు. ఆ నర్సు మనసునూ, షుగరునూ, బీపీనీ కలిపి చూస్తూ, వైద్యుడితో మాట్లాడి మందులు సర్దుతూ ఉండేది. ఏడాదికి కుంగుబాటు తగ్గింది, దానితో పాటు హెచ్‌బీఏ1సీ, రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా తగ్గాయి. నర్సు మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఆ ఫలితానికి ఇరుసు మీరే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. "ఇదంతా చేయడానికి సమయం ఎక్కడుంది?" న్యాయమైన ప్రశ్న. 2022లో అమెరికా పరిశోధకులు ఒక ప్రాథమిక వైద్యుడు తన రోగులందరికీ మార్గదర్శకాల్లో చెప్పినదంతా చేస్తే రోజుకు ఎన్ని గంటలు కావాలో లెక్కవేశారు. 26.7 గంటలు వచ్చింది. రోజుకు ఉన్నవే ఇరవై నాలుగు. కాబట్టి అన్నీ చేయడం అన్నది సోమరితనం వల్ల ఆగిపోయిన పని కాదు, అసాధ్యమైన పని. అసాధ్యమైనప్పుడు ఏం చేయాలి? ఎంచుకోవాలి. ఒక్కో రాకలో ఒక్క పని.

నేను పాటించే వరుస చెబుతాను, ఇది శాసనం కాదు. ముందు, ఈ వారంలో ఈ మనిషికి హాని చేయగలిగినది ఏది? షుగరు పడిపోవడం, జారిపడటం, మూత్రపిండాలను దెబ్బతీసే నొప్పి మాత్ర, పాదం మీద పుండు. దాన్ని ఆ రోజే సరిచేస్తాను. తరువాత, ఈ మనిషికి ఏది ముఖ్యం? అడగకుండా అది తెలియదు. సంచి ఆవిడను "మీకు అన్నిటికంటే ముందు ఏది తగ్గాలి?" అని అడిగితే, షుగరు అనలేదు, కిడ్నీ అనలేదు. "మనవరాలిని ఎత్తుకోవాలంటే భయంగా ఉంది, కళ్ళు తిరిగి పడేస్తానేమో అని" అన్నారు. ఆ తరువాతే రాబోయే ఏళ్ళ సంగతి: గుండె, కిడ్నీ, కళ్ళు.

ఆవిడ విషయంలో మేము చేసినది ఇదీ. మొదటి రాకలో నొప్పి మాత్ర ఆపి, మోకాళ్ళకు పారాసిటమాల్, పైపూత మందు, తొడ కండరాల వ్యాయామం ఇచ్చాం. రెండు గ్లిమెపిరైడ్‌లలో ఒకటి ఆపేశాం. మెట్‌ఫార్మిన్‌ను సగానికి తగ్గించాం. రెండు వారాల తరువాత రెండో రాకలో ఆమ్లోడిపిన్ తగ్గించాం, పాదాల వాపు తగ్గింది, వాపు తగ్గాక నీరు తీసే మాత్ర ఆపాం, అది ఆపాక తల తిరుగుడు మాత్రతో పనే లేకపోయింది. గొలుసును కట్టిన వరుసలోనే విప్పుకుంటూ వచ్చాం. మూడో రాకలో, నీరు సరిపడా ఉందని, నిలబడినా రక్తపోటు పడిపోవడం లేదని చూసుకున్నాకే, మిగిలిన గ్లిమెపిరైడ్ తీసి కిడ్నీని కాపాడే మాత్ర మొదలుపెట్టాం. ఒకేసారి అన్నీ మార్చి ఉంటే ఏది ఏం చేసిందో నాకూ తెలిసేది కాదు. పదమూడు మాత్రలు ఏడయ్యాయి. హెచ్‌బీఏ1సీ 6.3 నుంచి 7.4కు పెరిగింది. పెరిగిందని ఆవిడ కంగారుపడ్డారు. మేమే పెంచామని, కావాలనే పెంచామని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు వృథా కాలేదు.

చివరగా ఒక కాగితం గురించి చెప్పి ముగిస్తాను. వాంతులు, విరేచనాలు, ఏమీ తినలేని తీవ్ర జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అలాంటప్పుడు మెట్‌ఫార్మిన్, కిడ్నీని కాపాడే ఈ కొత్త మాత్రలు, టెల్మిసార్టాన్ జాతి బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, నొప్పి మాత్రలు, వీటిని తాత్కాలికంగా ఆపాలి. ఇన్సులిన్ వాడేవారు మాత్రం దాన్ని పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు, మోతాదు కోసం మనకు ఫోను చేయాలి. రోజూ మేలు చేసే మాత్రే ఆ రెండు రోజులు హాని చేస్తుందన్న సంగతి రోగికి ఎవరు చెబుతారు? మేము దీన్ని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, ఆ రోగి వాడే మాత్రలకే టిక్కు పెట్టి ఇస్తాం. ఇచ్చి ఊరుకోం, తిరిగి మాకే చదివి వినిపించమంటాం.

సంచి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క వరుసా చదివారు. చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. "ఆపమన్నారు సరే బాబూ, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయలేదే?" అని అడిగారు. అప్పటికి ఆ కాగితం ఎంతోమందికి ఇచ్చాం. నర్సు అక్కడికక్కడే పెన్ను తీసుకుని కింద రాసింది: మామూలుగా తినడం, తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల తరువాత మళ్ళీ మొదలుపెట్టండి, అనుమానం ఉంటే మాకు ఫోను చేయండి. ఇప్పుడు మేమిచ్చే కాగితంలో ఆ వరుస అచ్చయి ఉంది. ప్రతులు బయట బల్ల మీద పెట్టించాను, వెళ్ళేటప్పుడు తీసుకోండి.